కిటికీ దగ్గర ఒక న్యాయం, గుమ్మం దాటాక ఒక న్యాయం

(గుంటూరులో ఒక ఆదివారం, పిల్లల్ని అమెరికా పంపిన తల్లిదండ్రుల సమావేశంలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే రాశాం.)

మైకు వెనక బెంచీల దాకా వినిపిస్తోందా? ఆ ఫ్యాను కాస్త కట్టేస్తారా, గరగరమంటోంది. సరే.

ముందే చెప్పేస్తున్నాను, నేను అమెరికా లాయర్ని కాను. ఇక్కడ హైకోర్టులో రిట్లు వేసుకుని బతికేవాణ్ని. తహసీల్దారు పాస్‌బుక్ రద్దు చేశాడనో, రేషన్ డీలర్‌షిప్ తీసేశారనో వచ్చేవాళ్లే నా క్లయింట్లు. మరి ఈ అమెరికా గొడవలోకి ఎందుకు దిగానంటే, 2025 ఏప్రిల్లో ఒక రాత్రి రెండు గంటలకు మా పెద్దక్క మనవడు ఫోన్ చేశాడు. "తాతయ్యా, నా సెవిస్ రికార్డు టెర్మినేట్ అయిందంట, యూనివర్సిటీ వాళ్లు మెయిల్ పెట్టారు" అని. సెవిస్ అంటే ఏంటో కూడా అప్పటికి నాకు తెలీదు. విదేశీ విద్యార్థుల వివరాలన్నీ అక్కడి ప్రభుత్వం పెట్టుకునే కంప్యూటర్ రికార్డట. ఏం చేశావురా అంటే, రెండేళ్ల కిందట బండి స్పీడుగా నడిపాడని పోలీసులు రెక్‌లెస్ డ్రైవింగ్ కేసు రాశారు, తర్వాత కోర్టులో అది కొట్టేశారు, అంతే.

"నోటీసు ఇచ్చారా?" లేదు. "నిన్నేమైనా అడిగారా?" లేదు. "కారణం?" క్రిమినల్ రికార్డు చెక్‌లో తగిలావు అని ఒక లైను.

నిజం చెప్తున్నా, ఆ అర్ధరాత్రి నాకు టెన్షన్‌తో పాటు నవ్వు కూడా వచ్చింది. ఎందుకంటే ఇది నాకు ముప్ఫై ఏళ్లుగా తెలిసిన కేసే! నోటీసు లేదు, విచారణ లేదు, స్పీకింగ్ ఆర్డర్ లేదు. దేశం మారిందే గానీ తహసీల్దారు మారలేదు.

స్పీకింగ్ ఆర్డర్ అని మా కోర్టుల్లో ఒక మాట ఉంది. ఉత్తర్వు నోరు తెరిచి మాట్లాడాలి, అంటే నేనెందుకు ఇలా నిర్ణయించాను అని అందులోనే కనపడాలి. ఇవాళ నేను చెప్పేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది. ప్రభుత్వానికి విచక్షణాధికారం ఉంది, ఎవర్ని రానివ్వాలో ఎవర్ని పంపేయాలో అది వాళ్ల చేతిలో పని, కాదనేవాళ్లు లేరు. కానీ ఆ అధికారం వాడినప్పుడు కారణం చెప్పాలా వద్దా, చెప్పకపోతే అడిగే జడ్జి ఉన్నాడా లేడా అన్నది మీ పిల్లవాడు ఆ క్షణానికి ఎక్కడ నిలబడి ఉన్నాడన్న దాన్ని బట్టి ఉంటుంది. కాన్సులేట్ కిటికీ దగ్గరా, ఎయిర్‌పోర్టు గుమ్మంలోనా, ఇంట్లోనా.

కిటికీ దగ్గర మొదలుపెడదాం. నానక్‌రామ్‌గూడలో లైన్లో నిలబడి వచ్చినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు కదా. రెండు నిమిషాలు మాట్లాడి, 214(బి) అని కాగితం చేతిలో పెడతాడు. ఆ సెక్షను ఏమంటుందో తెలుసా, నువ్వు తిరిగి వెళ్లిపోతావని నిరూపించేదాకా నువ్వు అక్కడే ఉండిపోయేవాడివని నేను అనుకుంటాను అంటుంది. మన దగ్గర ముద్దాయి కూడా నేరం రుజువయ్యేదాకా నిర్దోషే, ఇక్కడ మాత్రం రుజువు భారం మీ పిల్ల మీద. దాని మీద కోర్టుకెళ్తానంటే? తలుపు లేదు. కాన్సులర్ అధికారి వీసా తిరస్కరిస్తే కోర్టులు దాదాపు వేలు పెట్టవు, ఇది అక్కడ దాదాపు వందేళ్లుగా ఉన్న పద్ధతి.

1972లో ఒక కేసు. ఎర్నెస్ట్ మాండెల్ అని బెల్జియం మార్క్సిస్టు ఆర్థికవేత్త, స్టాన్‌ఫర్డ్ వాళ్లు ఉపన్యాసానికి పిలిచారు, ప్రభుత్వం రానివ్వలేదు. అక్కడి ప్రొఫెసర్లు మాకు వినే హక్కుంది అని కోర్టుకెళ్లారు. సుప్రీంకోర్టు ఏమందంటే, ప్రభుత్వం పైకి చూస్తే చట్టబద్ధంగా, నిజాయితీగా కనిపించే ఒక కారణం చెబితే చాలు, దాని వెనక ఏముందో మేం తవ్వం అంది. 2024లో మున్యోజ్ కేసులో ఇంకో మెట్టు ముందుకెళ్లారు. ఒక అమెరికన్ పౌరురాలి భర్తది ఎల్ సాల్వడార్, ఒంటి మీద పచ్చబొట్లు చూసి ముఠావాడని అనుమానించి వీసా ఇవ్వలేదు. ఎందుకివ్వలేదని అడిగితే, వచ్చి చట్టవిరుద్ధమైన పని చేస్తాడని మా అనుమానం అని ముక్తసరిగా సెక్షను నంబరు చెప్పారు. భార్య సుప్రీంకోర్టు దాకా వెళ్తే, భర్తను దేశంలోకి తెచ్చుకునే రాజ్యాంగ హక్కు నీకు లేదమ్మా అని ఐదుగురు జడ్జీలు తేల్చారు, ఆరో జడ్జి వేరే కారణంతో ఆమె ఓడినట్టే అన్నాడు, ముగ్గురు కాదన్నారు. కట్టుకున్న భార్యకే దిక్కు లేదంటే, ఇక ఎమ్మెస్‌కు వెళ్లే కుర్రాడి మాట చెప్పక్కర్లేదు. అందుకే కిటికీ దగ్గర లాయరు కన్నా చిలుకూరు బాలాజీ మేలు. నవ్వకండి, సీరియస్‌గానే అంటున్నా.

ఇప్పుడు గుమ్మం. దీని కథ ఒక ఓడతో మొదలవుతుంది. చే చాన్ పింగ్ అని చైనా కూలీ, శాన్‌ఫ్రాన్సిస్కోలో పన్నెండేళ్లు పనిచేశాడు. 1887లో ఊరెళ్లాడు, ఊరికే కాదు, తిరిగి రావడానికి అమెరికా ప్రభుత్వమే ఇచ్చిన సర్టిఫికెట్ జేబులో పెట్టుకుని మరీ. 1888 సెప్టెంబరులో హాంకాంగ్‌లో ఓడెక్కాడు. ఓడ నడిసముద్రంలో ఉండగా అక్టోబరు 1న కొత్త చట్టం, ఆ సర్టిఫికెట్లన్నీ చెల్లవని! ఓడ వారం తర్వాత రేవుకు చేరింది, మనిషిని దిగనివ్వలేదు. 1889లో సుప్రీంకోర్టు, పరాయివాళ్లను ఆపే అధికారం దేశం సార్వభౌమత్వంలోనే ఉంది, దాని మీద మేం కూర్చుని తీర్పు చెప్పం అంది. ఆ తీర్పు పునాది మీదే ఇప్పటికీ ఇల్లు నిలబడి ఉంది.

పాత కథేలే అనుకుంటున్నారా? 2025 సెప్టెంబరు 19 గుర్తు తెచ్చుకోండి. హెచ్-1బీకి లక్ష డాలర్లు అని ప్రకటన, అమలు 21వ తేదీ నుంచి. మధ్యలో ఒక్క రోజు. సెలవుకు వచ్చి ఇక్కడ ఉన్న మన పిల్లలు పెళ్లి భోజనాలు వదిలేసి ఎయిర్‌పోర్టుకు పరుగెత్తారు, అక్కడ విమానం ఎక్కినవాళ్లు తలుపులు వేయకముందే దిగిపోయారు. ఇది కొత్త పిటిషన్లకే అని తర్వాత తీరిగ్గా చెప్పారు. ఓడ పోయి విమానం వచ్చింది, అంతే తేడా.

ఎయిర్‌పోర్టు లోపల ఇంకో ముచ్చట ఉంది. నేల మీద కాలు పెట్టాం కదా, అమెరికాలో ఉన్నట్టే కదా అనుకుంటాం. చట్టం దృష్టిలో లేనట్టే! అక్కడ అధికారి ఫోన్ చూసి, వాట్సాప్ చూసి, బ్యాంకులో డబ్బు కన్సల్టెన్సీ వాడు సర్దాడని తేల్చుకుంటే, ఎక్స్‌పెడైటెడ్ రిమూవల్ అని అక్కడికక్కడే వెనక్కి పంపేయొచ్చు, జడ్జి ముందుకు తీసుకెళ్లకుండానే. పైగా ఐదేళ్లు రాకూడదు. 2023 ఆగస్టులో మన తెలుగు పిల్లలు కొందరిని అలాగే తిప్పి పంపారు. 2020లో తురైసిగియం కేసు అని ఒకటుంది, శ్రీలంక తమిళుడు, సరిహద్దు దాటి పాతిక గజాలు లోపలికి వెళ్లాక పట్టుకున్నారు. పాతిక గజాలు లోపలికి వచ్చినంత మాత్రాన నువ్వు లోపలివాడివి కావు, చట్టసభ నీకు ఎంత ఇస్తే అంతే అని సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే గుమ్మంలో ఉన్నప్పుడు మా హక్కులు అని వాదించమని నేనైతే ఏ పిల్లవాడికీ చెప్పను.

లోపలికి వచ్చాక మాత్రం ఆట మారుతుంది. మా వాడి కేసు ఇక్కడికి వస్తుంది.

ఏం జరిగిందో తర్వాత కోర్టుల్లో బయటపడింది. దాదాపు 13 లక్షల మంది విదేశీ విద్యార్థుల పేర్లు తీసుకెళ్లి నేరాల డేటాబేస్‌లో వేసి చూశారు. 6,400 దాకా తగిలాయి. తగలడమంటే శిక్ష పడిందని కాదు, ఏదో ఒక పోలీసు ఎంట్రీలో ఆ పేరుందని, అంతే. ఈ పని మీద కూర్చుంది పది ఇరవై మంది. ఒక్కో ఫైలు తీసి, ఈ కుర్రాడి కేసు ఏమైంది, కొట్టేశారా, ఫైనా అని చూసే తీరిక ఎక్కడిది? 4,700కు పైగా రికార్డులు టెర్మినేట్ చేసేశారు. వాళ్ల సొంత రూల్సులో ఏముందయ్యా అంటే, ఏడాదికి మించి శిక్ష పడదగిన హింసాత్మక నేరంలో దోషిగా తేలితే అది స్టేటస్, అంటే చట్టబద్ధంగా అక్కడ ఉండే అర్హత, తప్పినట్టు అని ఉంది. స్పీడుగా బండి నడిపితే అని లేదు.

పిల్లలు కోర్టులకెక్కారు, ఒక్కో రాష్ట్రంలో గుంపులుగా. అట్లాంటాలో ఒకే కేసులో 133 మంది. ఏప్రిల్ 18న జడ్జి వాళ్ల రికార్డులు తిరిగి పెట్టమంది. ప్రభుత్వం తరఫు వాదన వింటే మీకు మన జీపీలు గుర్తొస్తారు, ప్రభుత్వ ప్లీడర్లు. సెవిస్ అనేది మా డేటాబేస్, అందులో ఎర్ర గీత పెట్టినంత మాత్రాన అతని స్టేటస్ పోలేదు, కాబట్టి కోర్టుకు రావాల్సిన పనేం లేదు అన్నారు. మరి క్లాసుకు వెళ్లొచ్చా, పని చేసుకోవచ్చా అని జడ్జీలు అడిగితే సూటిగా జవాబు లేదు. దేశమంతా ఇలా దెబ్బ మీద దెబ్బ తగిలాక ఏప్రిల్ 25న ప్రభుత్వమే రికార్డులు తిరిగి తెరుస్తున్నాం అని కోర్టులో చెప్పింది. మా వాడిది కూడా వచ్చింది. వాడు ఏ కేసులోనూ లేడు, వేరేవాళ్లు ఖర్చు పెట్టుకుని వేసిన కేసుల పుణ్యం అది. ఇప్పుడు ఆ పుణ్యం అంత సులువుగా రాదు, ఎందుకంటే 2025 జూన్‌లో కాసా కేసులో సుప్రీంకోర్టు, కేసు వేసినవాడికి ఇచ్చే ఊరట దేశమంతటికీ ఇవ్వకండి అని కింది కోర్టులకు చెప్పింది. అలాంటి వాళ్లందరి తరఫునా కలిపి వేసే క్లాస్ యాక్షన్ అనే దారి ఉందనుకోండి, కానీ చేతులు కట్టుకుని కూర్చుంటే లాభం లేదు.

ఇంత ధైర్యంగా పిల్లలు కోర్టుకు ఎలా వెళ్లగలిగారు? ఒక దొంగ యూనివర్సిటీ వల్ల. న్యూజెర్సీలో, యూనివర్సిటీ ఆఫ్ నార్తర్న్ న్యూజెర్సీ అని, ప్రభుత్వమే బ్రోకర్లను పట్టుకోవడానికి పెట్టిన ఉత్తుత్తి కాలేజీ. 2016లో గుట్టు విప్పి, బ్రోకర్లతో పాటు చేరిన విద్యార్థులందరికీ మోసం చేశారని ముద్ర వేసి స్టేటస్ తీసేశారు. కొందరు విద్యార్థులు కోర్టుకు వెళ్తే 2019లో అప్పీలు కోర్టు, ఇది తుది నిర్ణయమే, దీని మీద కోర్టుకు రావొచ్చు అంది. అదే ఏడాది మిషిగన్‌లో ఫార్మింగ్టన్ పేరుతో రెండో ఉత్తుత్తి యూనివర్సిటీ బయటపడింది, దాని బాధ మీకు చెప్పక్కర్లేదు, జనవరిలో పట్టుకున్న వాళ్లలో ఎంతమంది మన జిల్లాల వాళ్లో. అక్కడ ఒక విద్యార్థి నా ఫీజు నాకివ్వండి, చదువు చెప్తామని డబ్బు తీసుకుని చెప్పలేదుగా అని దావా వేశాడు. మేం ప్రభుత్వం, మా మీద కాంట్రాక్టు దావా ఏంటి అన్నారు. 2024లో ఫెడరల్ సర్క్యూట్ కోర్టు దావా నడవాల్సిందే అంది. డిపోర్టేషన్‌కీ దీనికీ నేరుగా సంబంధం లేదు, అయినా నాకు ఇష్టమైన తీర్పు కాబట్టి చెప్పాను.

ఇక అసలు డిపోర్టేషన్ కేసు. ఇమ్మిగ్రేషన్ జడ్జి అని ఉంటాడు, పేరుకు జడ్జి గానీ న్యాయశాఖ ఉద్యోగి. మన దగ్గర ఆర్డీవో కోర్టు లాంటిది అనుకోండి. అక్కడ ఓడితే ఇమ్మిగ్రేషన్ అప్పీల్స్ బోర్డు, అదీ న్యాయశాఖలోదే. అక్కడ కూడా ఓడాక 30 రోజుల్లో మొదటిసారిగా నిజమైన కోర్టు, ఫెడరల్ అప్పీలు కోర్టు. ఆ 30 రోజులు గుర్తుపెట్టుకోండి. అయితే ఆ కోర్టు కూడా అన్నీ చూడదు. 1996లో చట్టం మార్చి, విచక్షణతో ఇచ్చే ఊరటల మీద కోర్టులు సమీక్ష చేయకూడదని రాశారు. తర్వాత, చట్టం అర్థం మీద ప్రశ్న అయితే చూడొచ్చు అని ఒక సందు వదిలారు. అంటే లాయర్లందరూ ఇప్పుడు ప్రతి ప్రశ్ననీ చట్టం ప్రశ్నలా కనిపించేట్టు రాయడానికి తంటాలు పడతారు. నేనూ అదే పని చేసేవాణ్ని లెండి.

పటేల్ కేసు, 2022. జార్జియాలో ఉండే భారతీయుడు, డ్రైవింగ్ లైసెన్స్ రెన్యువల్ ఫారంలో మీరు అమెరికన్ పౌరులా అన్న గళ్లో టిక్కు పెట్టాడు. పొరపాటున పెట్టానంటాడు. అతని వాదన చూడండి, పౌరుడు కాకపోయినా అతనికున్న వర్క్ పర్మిట్‌తో ఆ రాష్ట్రంలో లైసెన్స్ వస్తుంది, అబద్ధం ఆడాల్సిన అవసరమే లేదు. రాష్ట్ర ప్రభుత్వం కూడా సాక్ష్యం చాలదని క్రిమినల్ కేసు వదిలేసింది. ఇమ్మిగ్రేషన్ జడ్జి మాత్రం నమ్మలేదు, కావాలనే పెట్టావన్నాడు. పౌరుడినని అబద్ధం చెబితే గ్రీన్‌కార్డు దారి మూసుకుపోయినట్టే. సుప్రీంకోర్టుకు వెళ్తే, కావాలని పెట్టాడా పొరపాటా అన్నది వాస్తవం ప్రశ్న, చట్టం ప్రశ్న కాదు, మేం చూడలేం అని 5-4తో తేల్చారు. ఆ జడ్జి చెప్పింది ఎంత తప్పయినా సరే! జస్టిస్ గోర్సచ్ సంప్రదాయవాది అని పేరున్న మనిషి, ఆయనే ఉదారవాద జడ్జీలతో కలిసి గట్టిగా వ్యతిరేక తీర్పు రాశాడు, కళ్లకు కనిపించే పొరపాటును కూడా దిద్దేవాడు లేకుండా పోయాడని.

నాకైతే ఆ తీర్పు మింగుడుపడలేదు. జీవితంలో ముప్పావు వంతు గొడవలు వాస్తవాల మీదే కదా, చట్టం ఏమిటో అందరికీ తెలుసు. 2024లో విల్కిన్సన్ కేసు కొంచెం గాలి ఆడనిచ్చింది. అందులో, నీ కొడుక్కి జబ్బుంది నిజమే, నువ్వు వెళ్లిపోతే వాడికి కష్టం నిజమే, కానీ ఆ కష్టం చట్టం చెప్పే అసాధారణ కష్టం స్థాయికి వచ్చిందా లేదా అన్నది ప్రశ్న. అది వాస్తవానికి చట్టాన్ని అన్వయించడం కాబట్టి కోర్టు చూడొచ్చు అన్నారు. అంటే ఏం జరిగిందో అడగకూడదు, జరిగినదాన్ని ఎలా కొలిచారో అడగొచ్చు.

సరే, కోర్టు చూసింది, గెలిచారనుకుందాం. ఏం గెలిచినట్టు? ఇది చాలామందికి అర్థం కాదు. పాస్‌బుక్ కేసులో హైకోర్టు నోటీసు ఇవ్వలేదని ఉత్తర్వు కొట్టేస్తుంది, నా క్లయింటు స్వీట్లు పంచుతాడు, మూడు నెలల తర్వాత తహసీల్దారు నోటీసిచ్చి, విచారణ చేసి, నాలుగు పేజీల కారణాలు రాసి అదే ఉత్తర్వు మళ్లీ ఇస్తాడు. 2020లో డాకా కేసులో అమెరికా సుప్రీంకోర్టు చేసింది ఇదే. చిన్నప్పుడే వచ్చి పెరిగిన దాదాపు 7 లక్షల మందికి ఉన్న రక్షణ ఎత్తేసే అధికారం ప్రభుత్వానికి ఉందంది, కానీ ఎత్తేసిన పద్ధతి బాగాలేదు, దాన్ని నమ్ముకుని బతుకులు కట్టుకున్నవాళ్ల సంగతి ఆలోచించలేదు, సరిగ్గా చెయ్యండి అని వెనక్కి పంపింది. మన తెలంగాణలో వేములవాడ చెన్నమనేని రమేష్ గారి పౌరసత్వం కేసు చూడండి. 2017లో కేంద్రం రద్దు చేసింది. ఆయన పౌరుడిగా కొనసాగడం ప్రజాహితానికి విరుద్ధమా అన్నది కూడా చూడాలని హైకోర్టు 2019లో తిప్పి పంపింది. అదే ఏడాది నవంబరులో కేంద్రం మళ్లీ రద్దు చేసింది. 2024 డిసెంబరులో హైకోర్టు ఆయన పిటిషన్ కొట్టేసి, 30 లక్షలు ఖర్చుల కింద కట్టమంది. ఆ తీర్పులోని తప్పొప్పుల జోలికి నేను పోను. తిప్పి పంపడం గెలుపు కాదు, వ్యవధి. అయితే ఆ వ్యవధిలో పిల్లవాడు డిగ్రీ పూర్తి చేసేయొచ్చు, అది చిన్న విషయం కాదు.

వాళ్లని ఇంతలా తిడుతున్నాం గానీ మన సంగతి? 1955లో హాన్స్ ముల్లర్ కేసులో మన సుప్రీంకోర్టు, విదేశీయుణ్ని పంపేసే అధికారం కేంద్రానికి సంపూర్ణంగా, ఏ అడ్డూ లేకుండా ఉందని చెప్పింది. ప్రాణానికీ స్వేచ్ఛకీ రక్షణ ఇచ్చే 21వ అధికరణం విదేశీయుడికీ వర్తిస్తుంది గానీ ఇక్కడే ఉండే హక్కు లేదు. రేపు హైదరాబాద్‌లో చదివే ఒక ఆఫ్రికా విద్యార్థిని వెళ్లిపొమ్మంటే వాడికి ఎంత వాదన ఉంటుందో ఆలోచించుకోండి.

ప్రశ్నలు ఉంటే అడగండి. చెప్పమ్మా.

మీ అమ్మాయికి వీసా ఇంకా పరిశీలించాలంటూ 221(జి) స్లిప్పు ఇచ్చి ఎనిమిది నెలలైంది, అదీ కోర్టు చూడదా అంటున్నారు. ఇది వేరే. తిరస్కరిస్తే కోర్టు చూడదు గానీ, ఏదీ చెప్పకుండా నానబెడితే, ఏదో ఒకటి తేల్చమని ఆదేశించమంటూ మాండమస్ కేసులు వేస్తున్నారు. కొందరు జడ్జీలు వింటారు, కొందరు వినరు. విన్నా తేల్చమంటారే గానీ ఇవ్వమనరు. తేల్చడమంటే రిజెక్ట్ కొట్టడం కూడా తేల్చడమే, అది చూసుకుని దిగండి.

వెనక ఆయన. ఐ-140, అంటే గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్, ఒకసారి అప్రూవ్ అయ్యాక వెనక్కి తీసుకుంటే ఏం చెయ్యాలి? మంచి ప్రశ్న, ఇక్కడ సగం ఇళ్లలో అదే భయం. 2024 డిసెంబరులో బువర్ఫా కేసులో తీర్పొచ్చింది, తొమ్మిది మందీ ఒకే మాట. అది పెళ్లి పిటిషన్ గానీ సెక్షన్ ఇదే. సరైన కారణం ఉందని తనకు తోచినప్పుడు అప్రూవల్ ఎప్పుడైనా రద్దు చేయొచ్చు అని చట్టంలో ఉంది, తనకు తోచినప్పుడు అన్నాక అది పూర్తి విచక్షణ, కోర్టు చూడదు. అయితే అదే తీర్పులో ఒక దారి కూడా చూపించారు, మళ్లీ పిటిషన్ వేసుకో, దాన్ని తిరస్కరిస్తే ఆ తిరస్కరణ మీద కోర్టుకు రావొచ్చు అని. మొదటే ఇవ్వనంటే కోర్టు ఉంది, ఇచ్చి లాక్కుంటే లేదు. వింతగా ఉందా? నాకూ ఉంది. మోసం అనో, అప్రూవ్ చేయడమే పెద్ద పొరపాటనో రద్దు చేస్తే పాత ప్రయారిటీ డేట్, అంటే గ్రీన్‌కార్డు లైన్లో మీ చోటు, కూడా పోతుంది, కొత్త పిటిషన్‌తో లైన్లో చివరికెళ్లి నిలబడాలి. కాబట్టి రద్దు చేస్తామని ముందు నోటీసు వస్తే, దానికిచ్చే జవాబు కంపెనీ హెచ్‌ఆర్ వాళ్లకి వదిలేసి ఊరుకోకండి. పిటిషన్ కంపెనీది కాబట్టి నోటీసు వాళ్లకే వెళ్తుంది, మీ అబ్బాయికి రాకపోవచ్చు. వచ్చిందా అని వాణ్ని అడగమనండి, నెలకోసారైనా.